ఆ చెట్టుకు తల ఒక్కటే!

కుండీలో ఉన్నప్పుడు బొమ్మంత. నేలలో నాటితే మేడంత. క్రిస్మస్ చెట్టు పేరుతో మన ఇళ్లకు వచ్చే అరకేరియా కథ ఇది. అది పదికాలాలపాటు పచ్చగా నిలబడాలా, నడిప్రాయంలో రంపం కోతకు బలైపోవాలా... అన్నది మొక్క అడుగెత్తు ఉన్నప్పుడే తేలిపోతుంది. గొయ్యి ఎక్కడ తవ్వామన్నదాన్ని బట్టి!

డిసెంబరు వచ్చిందంటే చాలు... నర్సరీల్లో చామంతులూ గులాబీల మధ్య నుంచి ఓ మొక్క ముందు వరుసలోకి వచ్చేస్తుంది. నిటారుగా ఒకే కాండం. దాని చుట్టూ గొడుగు కమ్మీల్లా అన్ని వైపులకీ సమానంగా పరుచుకున్న కొమ్మలు. కాస్త పైన ఇంకో గొడుగు. ఆపైన మరింత చిన్న గొడుగు. ఎవరో స్కేలు పెట్టి గీసి కత్తిరించారా అన్నట్టుండే ఆ పొందిక చూసి ముచ్చటపడనివారు ఉండరు. ఓ నక్షత్రం, నాలుగు రంగుల బల్బులు తగిలిస్తే పండగ కళ వచ్చేస్తుంది. పండగ చేసుకోనివాళ్లు కూడా ‘హాల్లో ఆ మూలకి బాగుంటుంది’ అంటూ కొనుక్కెళ్తారు.

నర్సరీవాళ్లు దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారు. అసలు పేరు అరకేరియా. నిజానికి ఐరోపా దేశాల్లో క్రిస్మస్‌కి అలంకరించేది దీన్ని కాదు. అక్కడివి స్ప్రూస్, ఫర్ జాతుల చెట్లు. చలికి అలవాటుపడిన ఆ చెట్లు మన మైదానాల ఎండలకు ఆగలేవు. అందుకే వెచ్చటి దేశాల్లో వాటి స్థానాన్ని అరకేరియా ఆక్రమించింది. ఇదీ వాటి కోవలోదే. సూదుల్లాంటి ఆకులు, పువ్వులకు బదులు శంకువులు, ఏడాది పొడవునా వాడని పచ్చదనం... ఈ లక్షణాలున్న వాటినే కోనిఫర్లు అంటారు. బడి పుస్తకాల్లో శృంగాకార వృక్షాలని చదువుకున్నది వీటి గురించే.

పండగ అయిపోతుంది. రెండేళ్లు గడుస్తాయి. కుండీ చిన్నదైపోతుంది. ‘పాపం, ఎన్నాళ్లని కుండీలో ఉంచుతాం, నేలలో నాటేద్దాం’ అనిపిస్తుంది ఇంట్లోవాళ్లకి. గేటు పక్కన రెండడుగుల జాగా కనిపిస్తుంది. అంతే, నాటేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

స్తంభాలా... చెట్లా?

ఈ చెట్టు స్వభావం తెలియాలంటే ముందు దాని పుట్టింటి సంగతి తెలియాలి. 1774 సెప్టెంబరులో బ్రిటిష్ నావికుడు జేమ్స్ కుక్ ‘రిజల్యూషన్’ నౌకలో పసిఫిక్ మహాసముద్రంలోని న్యూ కాలిడోనియా తీరం వెంట వెళుతున్నాడు. దూరంగా ఓ దీవి మీద వరసగా నిలబడ్డ పొడవాటి ఆకారాలు కనిపించాయి. అవేమిటన్నదానిపై నౌకలో పెద్ద చర్చే జరిగింది. వెంట వచ్చిన ప్రకృతి శాస్త్రవేత్తలేమో అవి రాతి స్తంభాలన్నారు. కుక్ మాత్రం చెట్లే అన్నాడు. పందేలు కూడా కాసుకున్నారట. తీరా దగ్గరికి వెళ్లి చూస్తే కుక్ మాటే నిజమైంది. సన్నగా, ఎత్తుగా, స్తంభాల్లాగే పెరిగిన చెట్లవి. ఆ దీవికి ఆయన పెట్టిన పేరే ఐల్ ఆఫ్ పైన్స్. ఆ చెట్టునే ఇప్పుడు కుక్ పైన్ అంటున్నాం.

తర్వాత నెల, అక్టోబరు 10న ఆయనకు మరో దీవి తారసపడింది. అదే నార్‌ఫోక్ దీవి. మొత్తం కలిపినా 35 చదరపు కిలోమీటర్లుండదు. అక్కడా ఇలాంటి చెట్లే... 50, 60 మీటర్ల ఎత్తున, ఒక్క వంకర లేకుండా! తెరచాప ఓడల కాలమది. నిటారుగా పెరిగే చెట్టును చూస్తే నావికుడికి మొదట గుర్తొచ్చేది తెరచాప కొయ్యే. బ్రిటిష్‌వాళ్లు 1788లో ఆ దీవిలో స్థావరం పెట్టడానికి ఉన్న కారణాల్లో ఈ చెట్లూ ఒకటి. తీరా నరికి చూస్తే ఆ కలప తెరచాప కొయ్యకు పనికిరాలేదు. గాలి ఒత్తిడికి వంగి తట్టుకునే గుణం దానికి లేదు, విరిగిపోతుంది. నౌకల ముచ్చట తీరకపోయినా చెట్టు మాత్రం ఆ దీవికి గుర్తుగా మిగిలిపోయింది. 1980 నుంచీ నార్‌ఫోక్ దీవి జెండా మధ్యలో ఉన్నది ఈ చెట్టు బొమ్మే. ప్రపంచమంతా కుండీల్లో కనిపించే ఈ జాతి, తన సొంత దీవిలో మాత్రం ముప్పు అంచున ఉన్న వృక్షాల జాబితాలో చేరడం విచిత్రం.

మన దగ్గరికి ఈ రెండు రకాలూ వచ్చాయి. చిన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టినా తేడా పట్టుకోవడం కష్టం. అందుకే వెచ్చటి దేశాల తోటల్లో నార్‌ఫోక్ పైన్ పేరుతో పెరుగుతున్నవాటిలో చాలావరకు కుక్ పైన్‌లేనంటారు వృక్షశాస్త్రవేత్తలు. పెద్దయ్యాక చూస్తే తెలుస్తుంది. నార్‌ఫోక్ పైన్ కాస్త విశాలంగా గోపురంలా ఉంటుంది. కుక్ పైన్ సన్నగా స్తంభంలా లేస్తుంది.

గోదారి లోయలో... ఆనాడు

అరకేరియా కుటుంబం నిన్న మొన్నటిది కాదు. పూలు పూసే మొక్కలు భూమ్మీద పరుచుకోకముందు, రాక్షసబల్లుల కాలంలోనే ఈ కుటుంబపు చెట్లు అడవులుగా ఉండేవి. అర్జెంటీనాలో రాయిగా మారిపోయిన అరకేరియా శంకువులు దొరికాయి. అవి జురాసిక్ యుగానివి. అప్పట్లో దక్షిణ అమెరికా, ఆఫ్రికా, భారతదేశం, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకే మహాఖండం.

తెలుగు నేలకూ ఆ కాలపు గుర్తులున్నాయి. ప్రాణహిత-గోదావరి లోయలో ‘కోట’ రాతిపొరలని పిలిచే జురాసిక్ పొరల్లో కోనిఫర్ల శిలాజాలు బయటపడ్డాయి. ఆ పొరల్లోనే యామనపల్లి దగ్గర పొడవాటి మెడ ఉన్న శాకాహార రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. దానికే కోటసారస్ అని పేరు పెట్టారు. హైదరాబాద్‌లోని బి.ఎం.బిర్లా సైన్స్ మ్యూజియంలో పిల్లలంతా నోరెళ్లబెట్టి చూసే అస్థిపంజరం అదే.

మరి అంత పెద్ద జంతువులు ఏం తిని బతికాయి? ఆ జవాబు కోసం జర్మనీ శాస్త్రవేత్తలు రకరకాల ప్రాచీన జాతుల ఆకుల్ని పశువుల పొట్టలో ఉండే సూక్ష్మజీవులతో పులియబెట్టి చూశారు. 2008లో ప్రచురించిన ఆ ఫలితాల్లో అరకేరియా ఆశ్చర్యపరిచింది. మొదట్లో నిదానంగా పులిసినా, మూడు రోజులు గడిచేసరికి మంచి శక్తినే ఇచ్చింది. పెద్ద పొట్టలో రోజుల తరబడి మేతను నిలవ ఉంచుకునే జంతువుకు సరిగ్గా సరిపోయే ఆహారమన్నమాట. హాల్లో టీవీ పక్కన నిలబెట్టుకునే బుల్లి మొక్క వంశం అంతటిది!

మొవ్వు ఒక్కటే...

వేప కొమ్మ కొట్టేస్తే పక్కనుంచి నాలుగు చిగుళ్లు వస్తాయి. మందార కత్తిరిస్తే ఇంకా గుబురుగా పెరుగుతుంది. అరకేరియా అలా కాదు. దీన్ని అర్థం చేసుకోవాలంటే కొబ్బరి, తాడి చెట్లను తలచుకోవాలి. వాటికి మొవ్వే ప్రాణం. మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. అరకేరియా అంతగా చచ్చిపోదుగానీ దాని అందమంతా మొవ్వులోనే ఉంది. నడినెత్తిన ఉండే ఆ ఒక్క చిగురే చెట్టును నిలువునా పైకి తీసుకెళుతుంది. కొంత ఎత్తు పెరగ్గానే ఓ వరస కొమ్మల్ని చుట్టూ విప్పుతుంది. మళ్లీ పైకి. మళ్లీ ఓ వరస. అలా ఒకదానిమీద ఒకటిగా అంతస్తులు లేస్తాయి.

నెత్తిన చిగురుకీ పక్క కొమ్మలకీ పని విభజన ఎంత కచ్చితంగా ఉంటుందంటే... పక్క కొమ్మను కత్తిరించి పాతితే వేళ్లు రావచ్చు, బతకనూవచ్చు. కానీ అది చెట్టు కాదు. ఏళ్లు గడిచినా కొమ్మలాగే నేలకు సమాంతరంగా పక్కకే పాకుతుంది. తాను కొమ్మనన్న సంగతి మరిచిపోదు! నిటారు మొక్క కావాలంటే నెత్తి చిగురునే పాతాలి. అలా చేస్తే తల్లి చెట్టు అందం పోతుంది. అందుకే దీన్ని ఎక్కువగా విత్తనాల నుంచే పెంచుతారు. ఆ విత్తనాలు కూడా ఎక్కువకాలం నిలవ ఉండవు. కొత్తవి ఉన్నప్పుడే నాటుకోవాలి.

నార్‌ఫోక్ పైన్‌లో ఇంకో చిక్కు... కింది అంతస్తు కొమ్మ ఎండి రాలిపోతే ఆ చోట కొత్త కొమ్మ రావడం అరుదు. చీకటి గదిలో ఏడాది పెట్టి కింది రెండు వరసలూ పోగొట్టుకున్న మొక్కను తర్వాత ఎంత బాగా చూసుకున్నా ఆ ఖాళీ నిండదు. అంటే, ఈ మొక్క విషయంలో జరిగిన తప్పు చెట్టు మీద అలాగే రాసి ఉంటుంది.

తల నరికితే ఏమవుతుంది?

ఓ చిన్న లెక్క వేద్దాం. నేలలో కుదురుకున్న అరకేరియా ఏడాదికి సగటున అడుగున్నర పెరుగుతుందనుకుందాం. ఇరవై ఏళ్లకు 30 అడుగులు. అంటే మూడంతస్తుల మేడ. నలభై ఏళ్లకు 60 అడుగులు. అంటే ఆరంతస్తులు. కింది కొమ్మలు ఒక్కోవైపు ఆరేడు అడుగులు చాపుకున్నా చెట్టుకు పన్నెండు పద్నాలుగు అడుగుల వెడల్పు కావాలి. మరి 200 గజాల స్థలంలో ఇల్లు కట్టగా గోడకీ ప్రహరీకీ మధ్య మిగిలేది ఎంత? అయిదారడుగులు. ఆ పైన వీధిలో కరెంటు తీగలు!

మొదటి అయిదేళ్లూ అందరికీ ముద్దే. ఇంటి గుర్తుకే అది కొండగుర్తవుతుంది. ‘క్రిస్మస్ చెట్టున్న ఇల్లు’ అంటే ఆటోవాడికి కూడా తెలుస్తుంది. పదో ఏట ఒకవైపు కొమ్మలు గోడకు తగులుతుంటే కొట్టేస్తారు. దాంతో చెట్టు సగం గొడుగైపోతుంది. పదిహేనో ఏట తలకు తీగలు అడ్డొస్తాయి. కరెంటు సిబ్బందో, కూలి మనిషో వచ్చి మొవ్వు నరికేస్తారు. ఇక అక్కణ్నుంచి చెట్టు రూపమే మారిపోతుంది. కోసినచోటు కింద నుంచి రెండు మూడు చిగుళ్లు తలెత్తి ‘నేను ముందంటే నేను ముందు’ అన్నట్టు పోటీపడతాయి. గోపురంలా ఉన్నది త్రిశూలంలా తయారవుతుంది. చూడటానికే కాదు, భద్రతకూ అది మంచిది కాదు. అలా కొత్తగా లేచిన తలలు పాత కాండాన్ని గట్టిగా పట్టుకోవు. పెద్ద గాలికి విరిగి ఇంటిమీదో, పక్కింటి మీదో పడే ప్రమాదం ఉంటుంది.

తుపాన్ల తీరంలో ఉండేవాళ్లు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. ఉప్పుగాలిని అరకేరియా చక్కగా తట్టుకుంటుంది. పుట్టింది సముద్రం మధ్య దీవుల్లోనే కదా! అందుకే బీచ్ ఇళ్ల ముందు నాటాలనిపిస్తుంది. కానీ ఉప్పుగాలి వేరు, పెనుగాలి వేరు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు వరసగా వచ్చిన హరికేన్ల తర్వాత ఏ చెట్లు నిలబడ్డాయో, ఏవి కూలాయో లెక్కతీశారు. గాలిని అతి తక్కువగా తట్టుకునే చెట్ల జాబితాలో నార్‌ఫోక్ పైన్‌ను చేర్చారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నంలో ఎన్ని చెట్లను నేలకూల్చిందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ ఇంటికి ఆనుకుని నాటే ప్రతి పొడవాటి చెట్టు విషయంలోనూ ముందే ఆలోచించుకోవాలి.

చివరికి ఏ ఇరవయ్యో ఏటో ‘ఇక లాభం లేదు, కొట్టించేద్దాం’ అన్న మాట వస్తుంది. అదీ అంత సులువు కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే సాధారణంగా ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇరుకు సందులో అంతెత్తు చెట్టును ముక్కలు ముక్కలుగా దించడానికి మనుషులు దొరకాలి, డబ్బు పెట్టాలి. అన్నిటికీ మించి... పిల్లలతోపాటు పెరిగిన చెట్టును చేజేతులా కొట్టించుకోవడం ఏ ఇంటికైనా బాధే. తప్పు చెట్టుది కాదు. దాని తీరుకు తగ్గ చోటు ఇవ్వకపోవడం వల్లే ఇదంతా.

వాలితే కంగారొద్దు!

‘మా చెట్టు పక్కకి ఒరిగిపోతోంది. పడిపోతుందా?’ అరకేరియా ఉన్న చాలా ఇళ్లలో వచ్చే అనుమానమిది. తాళ్లు కట్టి లాగేవాళ్లూ, కర్రలు ఆన్చేవాళ్లూ ఉన్నారు. కుక్ పైన్ అయితే దానికో చిత్రమైన కారణముంది. ఈ చెట్లు భూమధ్యరేఖ వైపు వాలతాయి! కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు అయిదు ఖండాల్లో 256 కుక్ పైన్‌లను కొలిచి 2017లో ఈ సంగతి ప్రకటించారు. ఉత్తరార్ధగోళంలో ఉన్నవి దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉన్నవి ఉత్తరానికి వాలుతున్నాయి. సగటు వాలు 8.55 డిగ్రీలు. అంటే పీసా గోపురం వాలుకు రెట్టింపు! దక్షిణ ఆస్ట్రేలియాలో ఒకటి ఏకంగా 40 డిగ్రీలు వంగింది. భూమధ్యరేఖకు ఎంత దూరంగా ఉంటే వాలు అంత ఎక్కువట.

మనం ఉత్తరార్ధగోళంలో ఉన్నాం కాబట్టి మన కుక్ పైన్ వాలితే దక్షిణం వైపే వాలాలి. చెట్టు మొదటినుంచీ అలాగే నిదానంగా ఒరుగుతూ పెరిగితే అది దాని నైజం. లాగి సరిచేయనక్కర్లేదు. ఉన్నట్టుండి ఒరిగినా, మొదట్లో మట్టి పగిలి వేళ్లు పైకి లేచినట్టు కనిపించినా మాత్రం ఆలస్యం చేయకూడదు. తెలిసినవాళ్లకు చూపించాలి. ఇంటికి ఉత్తరాన నాటిన చెట్టు పెద్దయ్యాక ఇంటివైపే వాలుతుందన్నది కూడా నాటేముందే గుర్తుంచుకోవాల్సిన సంగతి.

కుండీలో పెంచేదెలా?

చోటు తక్కువున్న ఇంటికి అరకేరియా కుండీ మొక్కగానే మేలు. వేళ్లకు జాగా తక్కువ కాబట్టి నిదానంగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి మనిషెత్తు దాటకుండా ఉంచుకోవచ్చు.

కొనేటప్పుడు: పైన చెప్పిన మొవ్వును ముందు చూడాలి. అది విరగకుండా, ఎండకుండా ఉండాలి. రెండు మొవ్వులున్న మొక్క వద్దు. కింది వరస కొమ్మలు పచ్చగా, అన్ని వైపులా సమానంగా ఉన్నదే ఎంచుకోవాలి. ఎత్తుకన్నా కింది అంతస్తు ముఖ్యం.

మట్టి: ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మికంపోస్టు సమపాళ్లలో కలిపితే సరిపోతుంది. కొంచెం కొబ్బరిపొట్టు కలిపితే తేమ నిలుస్తుంది. కుండీ అడుగున కన్నాలు తప్పనిసరి. ఒట్టి నల్లరేగడి వాడితే నీరు నిలిచి వేళ్లు కుళ్లుతాయి.

నీళ్లు: రోజూ లెక్కగా పోయడం కాదు. వేలు పెట్టి చూసి, పైన అంగుళం మేర మట్టి ఆరితేనే పోయాలి. కుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవ ఉంచకూడదు. ఎండాకాలంలో సాయంత్రంపూట ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే హాయిగా ఉంటుంది.

వెలుతురు: ఇంట్లో మొక్క చాలావరకు పాడయ్యేది నీళ్లు లేక కాదు, వెలుతురు లేక. పొద్దుటి ఎండ తగిలే తూర్పు బాల్కనీ దీనికి మంచి చోటు. హాల్లో పెట్టాలంటే కిటికీ పక్కనే పెట్టాలి. వెలుతురు ఒకవైపు నుంచే వస్తుంటే మొక్క అటే వంగుతుంది. వారానికోసారి కుండీని పావు వంతు తిప్పుతుంటే నిటారుగా ఉంటుంది. నీడలో పెరిగినదాన్ని ఒక్కసారిగా మే నెల ఎండలో పెడితే మాడిపోతుంది. రెండు వారాలపాటు కొంచెం కొంచెంగా ఎండ అలవాటు చేయాలి.

ఎరువు: వానాకాలం నుంచి శీతకాలం మొదలయ్యేదాకా నెలా రెండు నెలలకోసారి పిడికెడు వర్మికంపోస్టు చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ పెరుగుతుంది. కుండీ మొక్కకు మనకు కావాల్సింది అది కాదు కదా!

కుండీ మార్పు: మూడేళ్లకోసారి ఒక సైజు పెద్ద కుండీలోకి మారిస్తే సరిపోతుంది. వేళ్లను కదిలించడం దీనికి పెద్దగా ఇష్టం ఉండదు. మార్చేటప్పుడు మట్టిగడ్డ చెదరకుండా చూడాలి.

అలంకరణ: కొమ్మలు మెత్తనివి. బరువైన బొమ్మలు కడితే వంగిపోతాయి. కాగితం నక్షత్రాలు, చిన్న బల్బులు చాలు. మొవ్వుకు మాత్రం ఏదీ కట్టకూడదు. కుక్కో పిల్లో ఆకులు నమిలితే వాంతులయ్యే అవకాశం ఉంది. వాటికి అందకుండా పెట్టాలి.

ఆకులు చెప్పే సంగతులు

కొసలు గోధుమరంగులోకి మారుతున్నాయా? గాలిలో తేమ చాలట్లేదన్నమాట. ఏసీ గాలి నేరుగా తగులుతుంటే చోటు మార్చాలి. ఉప్పదనం ఎక్కువున్న బోరు నీళ్లు పోసినా ఇలాగే అవుతుంది. వాన నీళ్లు పట్టి పోస్తే తేడా తెలుస్తుంది.

కింది కొమ్మలు పసుపుపచ్చగా మారి రాలుతున్నాయా? వెలుతురు తక్కువైనా, నీళ్లు ఎక్కువైనా ఇలా జరుగుతుంది. ముందు మట్టి తడి చూసి, తర్వాత చోటు చూసుకోవాలి.

కొమ్మల మొదట్లో తెల్లటి దూదిలా కనిపిస్తోందా? పిండినల్లి చేరింది. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి వారానికోసారి సాయంత్రంపూట చల్లితే పోతుంది.

ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు కదా, ఆకు ఎందుకు రాలుతోందనుకోవద్దు. సతత హరితమంటే ఆకు రాలదని కాదు. అన్నీ ఒకేసారి రాలవని. లోపలివైపు ముదిరిన రెమ్మలు అప్పుడప్పుడూ రాలడం మామూలే.

నేలలో నాటాలంటే...

పొలం గట్టు, ఫామ్‌హౌస్, బడి ఆవరణ, పార్కు, పెద్ద పెరడు... ఇవీ అరకేరియాకు తగిన చోట్లు. ఇంటి గోడలకూ ప్రహరీకీ కనీసం ఇరవై అడుగుల దూరం ఉండాలి. తలెత్తి చూస్తే పైన తీగలు కనిపించకూడదు. సెప్టిక్ ట్యాంకు, నీళ్ల సంపు దగ్గర వద్దు. తొలకరి తర్వాత నాటితే ఎండాకాలం వచ్చేలోపు వేళ్లు కుదురుకుంటాయి. రెండడుగుల గొయ్యి తీసి, మట్టిలో మాగిన ఎరువు కలిపి, కుండీలో ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టాలి. కాండాన్ని మట్టిలో కప్పేయకూడదు. మొదటి రెండు వేసవుల్లో వడగాలి తగలకుండా పడమటివైపు గోనెపట్టా అడ్డం కడితే మంచిది. పాదులో ఎండుటాకులు పరిస్తే తేమ నిలుస్తుంది. చెట్టు మొదలు చుట్టూ సిమెంటు చేయించకూడదు.

ఆ తర్వాత చేయాల్సిందల్లా... కత్తెర దూరంగా పెట్టడమే. దీనికి రూపం ఇవ్వాల్సిన పనిలేదు. రూపం తనతోనే వస్తుంది. పక్కపక్కన రెండు నాటకుండా ఒక్కదాన్నే నలువైపులా వెలుతురు పడేలా వదిలేస్తే కింది గొడుగు నేలకు తాకుతూ నిండుగా నిలబడుతుంది. బెంగళూరు లాల్‌బాగ్‌లో పెద్ద చెట్లుగా ఎదిగిన అరకేరియాలను చూస్తే, జాగా ఇస్తే అవి ఎలా ఉంటాయో తెలుస్తుంది.

చిన్న ఇంటికి చిన్న చుట్టాలు

అరకేరియాకు తగ్గ చోటు లేదు, అయినా నేలలో ఓ కోనిఫర్ ఉండాలంటే దారులున్నాయి. మన ఇళ్లముందు విసనకర్రల్లా నిలువు రెమ్మలతో కనిపించే తూజా మొక్క అందులో మొదటిది. మెల్లగా పెరుగుతుంది, కత్తిరింపుకు లొంగుతుంది. అయితే పచ్చటి రెమ్మల వరకే కత్తిరించాలి. ఆకుల్లేని ముదురు కొమ్మదాకా కోస్తే అక్కడ మళ్లీ చిగురు రాదు. నేలబారుగా పరుచుకునే జూనిపర్ రకాలు కుండీలకూ రాళ్ల తోటకూ బాగుంటాయి. కంచెలా పెంచుకోవాలంటే పొడోకార్పస్ ఉంది. పొడవాటి ఆకులతో గుబురుగా పెరుగుతుంది, ఎన్నిసార్లు కత్తిరించినా ఏమీ అనుకోదు. దాని దగ్గరి చుట్టం ఒకటి పడమటి కనుమల అడవుల్లో సహజంగా పెరుగుతుంది. దక్షిణ భారతానికి సొంతమైన కోనిఫర్ అదొక్కటే.

సరుగుడు చుట్టం కాదు!

కోస్తా ఇసుక నేలల్లో తోటలకు తోటలుగా కనిపించే సరుగుడు చెట్టును చూసి అదీ ఈ జాతే అనుకుంటారు చాలామంది. సన్నటి సూదులు, చిన్నచిన్న కాయలు... అచ్చం అలాగే ఉంటుంది మరి. కానీ సరుగుడు పూలు పూసే చెట్టు. సూదుల్లా కనిపించేవి ఆకులు కావు, సన్నటి పచ్చటి రెమ్మలు. ఒక సూదిని తీసుకుని గణుపు దగ్గర లాగితే పుటుక్కున ఊడి వస్తుంది. ఆ గణుపు చుట్టూ పళ్లలా కనిపించేవే దాని అసలు ఆకులు. పిల్లలకు చూపించడానికి భలే ఉంటుంది.

రహస్య లోయలో...

అరకేరియా కుటుంబంలోనే మరో చెట్టు కథ తోటలు పెంచేవాళ్లు తెలుసుకోవాల్సింది. 1994లో ఆస్ట్రేలియాలో సిడ్నీకి వాయవ్యంగా ఉన్న వోలెమీ జాతీయ పార్కులో ఓ ఉద్యోగి లోతైన లోయలోకి దిగితే ఎన్నడూ చూడని చెట్లు కనిపించాయి. శిలాజాలుగానే తెలిసిన బంధువులను పోలిన చెట్లవి! అడవిలో ఉన్న పెద్ద చెట్లు వందకు లోపే. ఆ చోటు ఎక్కడో బయటికి చెప్పరు. 2019-20లో ఆస్ట్రేలియాను కార్చిచ్చు చుట్టుముట్టినప్పుడు అగ్నిమాపక సిబ్బంది హెలికాప్టర్లతో వెళ్లి మరీ వాటిని కాపాడుకున్నారు. అన్నిటినీ ఒక్కచోటే ఉంచడం ప్రమాదమని, మొక్కలు పెంచి ప్రపంచమంతా తోటలకు అమ్మారు. ఎవరో పెరట్లో నాటుకున్న మొక్క ఒక జాతికి బీమా అయింది.

ఇంటి తోటకు అంత శక్తి ఉంది. కానీ అది మొక్క నాటినంత మాత్రాన రాదు, నాటినది చివరికంటా నిలబడితేనే వస్తుంది. ఈసారి నర్సరీలో ఆ బుల్లి గొడుగుల మొక్క ముచ్చటగా కనిపిస్తే తప్పకుండా తెచ్చుకోండి. కుండీలో ఎన్నేళ్లయినా పెంచుకోండి. నేలలో నాటాలనిపించిన రోజున మాత్రం గడ్డపార పట్టేముందు ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. నలభై ఏళ్ల తర్వాత దాని తల ఉండేది అక్కడే. ఆ చోటు ఖాళీగా ఉందా? అయితే నాటేయండి. మీ మనవలు దాని నీడలో ఆడుకుంటారు.